పరిశోధకుడు ఎవరికి జవాబుదారీ? – లె కోర్ట్ నుండి 2016 చట్టం దాకా వైద్య పునరావాస పరిశోధనలో వికలాంగ సమాజాల స్థానం

వ్యాససంగ్రహం: వైద్య పునరావాస పరిశోధనలో వికలాంగులు దీర్ఘకాలం పరిశీలనకు లోబడిన వస్తువులుగానే ఉన్నారు. వారిని పరిశోధనలో భాగస్వాములను చేయాలన్న ఆలోచన వైద్యరంగం నుండి కాక, పరిశోధనవల్ల నష్టపోయామని భావించిన వికలాంగుల నుండే బలంగా వచ్చింది. ఇంగ్లండులోని లె కోర్ట్ సంరక్షణాలయంలో 1960లలో జరిగిన ఒక అధ్యయనాన్ని, దానిపై పాల్ హంట్ చేసిన విమర్శను కేంద్రంగా చేసుకొని ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతదేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పరిశోధనకు సంబంధించిన నిబంధనను ఆ చరిత్ర వెలుగులో చదువుతుంది.

కీలకపదాలు: వికలాంగ అధ్యయనాలు, పునరావాసం, లె కోర్ట్, పాల్ హంట్, యూపియాస్, విముక్తి పరిశోధన, సమ్మతి.

1. ఉపోద్ఘాతం

పునరావాసం అనే మాటకు తెలుగులో రెండు వాడుకలు ఉన్నాయి. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవారికి ప్రభుత్వం చూపే కొత్త నివాసం ఒకటి. ప్రమాదం వల్లనో, జబ్బు వల్లనో, పుట్టుకతోనో ఏర్పడిన శారీరక లోపంతో జీవించేవారికి వైద్యరంగం అందించే సేవ రెండవది. మొదటి అర్థంలో ఈ మాట వినగానే నిర్వాసితులను అడిగారా, గ్రామసభ ఏమన్నది అనే ప్రశ్నలు వెంటనే పుడతాయి. రెండవ అర్థంలో అటువంటి ప్రశ్న పుట్టడానికి చాలాకాలం పట్టింది. వైద్యునికి తెలిసినది రోగికి తెలియదన్న నమ్మకం అందుకు ఒక కారణం. ఆ నమ్మకం చాలావరకు నిజం కూడా కావడం వల్ల, అది ఎక్కడ నిజం కాదో గుర్తించడం కష్టమైంది.

రెండవ ప్రపంచ యుద్ధం వైద్య పునరావాసాన్ని ఒక శాస్త్రశాఖగా నిలబెట్టింది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము గాయాల విభాగాన్ని ప్రారంభించాడు. అంతకుముందు అటువంటి గాయం తగిలినవారు పుండ్లు, మూత్రకోశ వ్యాధుల వల్ల త్వరగానే మరణించేవారు. వారు బ్రతకడం మొదలైన తరువాత వైద్యం ముందు కొత్త ప్రశ్న నిలిచింది: బ్రతికినవారు ఎక్కడ, ఎలా జీవించాలి? కండరాల బలాన్ని, కీళ్ల కదలికను కొలిచినంత సులువుగా దీనిని కొలవడం సాధ్యం కాదు. పరిశోధనలో వికలాంగుల స్థానమేమిటన్న వివాదం మొదలైంది ఈ ప్రశ్న దగ్గరే.

2. లె కోర్ట్: పరిశోధకులను పిలిచిన నివాసులు

లియొనార్డ్ చెషైర్ బ్రిటిష్ వైమానికదళంలో పేరుపొందిన పైలట్. 1945లో నాగసాకిపై అణుబాంబు వేసినప్పుడు బ్రిటన్ తరఫున పరిశీలకునిగా వెళ్లాడు. 1948లో హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే పాత భవంతిలో, మరణశయ్యపై ఉన్న ఆర్థర్ డైక్స్ అనే వ్యక్తిని చేరదీసి సేవచేశాడు. ఆ సేవే క్రమంగా చెషైర్ హోమ్‌ల సంస్థగా విస్తరించింది. 1950లలోనే అది భారతదేశానికీ వచ్చింది. ఈ సంస్థ మానవీయతను శంకించవలసిన పని లేదు. ఆసుపత్రుల దీర్ఘరోగుల వార్డులలో వృద్ధుల మధ్య పడి ఉన్న యువకులకు లె కోర్ట్ నిజంగానే మెరుగైన చోటు.

అలా వచ్చినవారిలో పాల్ హంట్ ఒకడు. కండరాల క్షీణవ్యాధితో చక్రాల కుర్చీలో జీవించిన హంట్ 1956లో, పందొమ్మిదేళ్ల వయసులో లె కోర్ట్‌లో చేరాడు. అక్కడి నివాసులు ఊరకే కూర్చున్నవారు కారు. ‘చెషైర్ స్మైల్’ అనే పత్రికను నడిపారు. 1958 నుండి సొంతంగా ఒక చలనచిత్ర బృందాన్ని నిర్వహించారు. 1966లో హంట్ సంపాదకత్వంలో వికలాంగులు స్వయంగా రాసిన వ్యాసాల సంకలనం ‘స్టిగ్మా’ వెలువడింది. ఇంత చురుకైన మనుషులకు రాత్రి ఎప్పుడు పడుకోవాలో నిర్ణయించుకునే హక్కు కోసం నిర్వాహకులతో పోరాడవలసి వచ్చింది. 1960ల తొలి సంవత్సరాలలో ఈ ఘర్షణ తీవ్రమైంది. దైనందిన జీవితంపై స్వేచ్ఛ, నిర్వాహక సంఘంలో ప్రాతినిధ్యం వారి ప్రధాన కోరికలు.

ఈ నేపథ్యంలోనే నివాసులు పరిశోధనను ఆశ్రయించారు. తమ మాట నిర్వాహకులకు ఫిర్యాదుగా వినిపిస్తుంది, అదే మాట నిపుణులు చెబితే సత్యంగా వినిపిస్తుంది అన్నది వారి లెక్క. సంస్థల అంతర్గత సంబంధాలను అధ్యయనం చేయడంలో పేరున్న లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌ను సంప్రదించారు. ప్రభుత్వ నిధులు సమకూరిన తరువాత ఎరిక్ మిల్లర్, జెరాల్డిన్ గ్విన్ అనే ఇద్దరు పరిశోధకులు లె కోర్ట్‌తో పాటు మరికొన్ని సంరక్షణాలయాలను పరిశీలించారు. వారి గ్రంథం ‘ఎ లైఫ్ అపార్ట్’ 1972లో ప్రచురితమైంది.

ఈ గ్రంథాన్ని చెడ్డ పరిశోధన అని కొట్టివేయడం తేలిక, కాని అది న్యాయం కాదు. నివాసుల అవమానాలను గ్రంథకర్తలు దాచలేదు. పని సాగుతున్నప్పుడు తాము అనుభవించిన మనస్తాపాన్నీ, పక్షపాతంవైపు జారిన సందర్భాలనూ ఒప్పుకున్నారు. సంరక్షణాలయాలను రెండు నమూనాలుగా విభజించారు. మొదటిది గిడ్డంగి నమూనా: శరీరాన్ని వీలైనంత కాలం భద్రపరచడమే దాని లక్ష్యం. రెండవది ఉద్యాన నమూనా: నివాసిలోని శక్తులను మొక్కలా పెంచడం దాని ఆశయం. ఈ రెంటిలోనూ ఉన్న ఆత్మవంచనను వారు చక్కగానే విప్పిచెప్పారు.

అయితే వీటి అడుగున ఒక పూర్వభావన ఉన్నది. సంరక్షణాలయంలో అడుగుపెట్టిన వ్యక్తిని సమాజం అప్పటికే మరణించినవానిగా లెక్కకట్టిందనీ, ఈ సామాజిక మరణానికీ భౌతిక మరణానికీ నడుమ కాలాన్ని సాధ్యమైనంత సహ్యంగా గడిపించడమే సంస్థ చేయవలసిన పని అనీ గ్రంథకర్తలు తీర్మానించారు. సమాజం విధించిన ఆ మరణశిక్ష న్యాయమేనా అన్న ప్రశ్న వారి పరిశోధన పరిధిలోకి రాలేదు. సంస్థను ఎలా నడపాలన్నది వారి ప్రశ్న. నివాసుల ప్రశ్న వేరు: తాము సంస్థలోనే ఎందుకు ఉండాలి? ఈ రెండు ప్రశ్నల మధ్య దూరమే లె కోర్ట్ ఉదంతాన్ని చరిత్రలో నిలిపింది.

హంట్ 1970లో లె కోర్ట్ వదిలి బయట జీవితం ప్రారంభించాడు. ఈ గ్రంథంపై అతడు రాసిన సుదీర్ఘ విమర్శ, 1979లో అతడు మరణించిన తరువాత, 1981లో అచ్చయింది. శీర్షికలోనే పరిశోధకులను పరాన్నభుక్కులని పిలిచాడు. మాట కటువైనది. ఆ వాదంలో గ్రహించవలసిన అంశం మాత్రం తటస్థతకు సంబంధించినది. పీడించేవారికీ పీడనకు గురయ్యేవారికీ మధ్య సమదూరంలో నిలబడ్డామని చెప్పుకునే పరిశోధకుడు ఉన్న వ్యవస్థను యథాతథంగా అంగీకరిస్తాడనీ, అందుచేత ఆ సమదూరం ఒక పక్షమేననీ హంట్ వాదించాడు. వికలాంగులు సంస్థల వెలుపల, తగిన సహాయంతో జీవించగలరని చూపే ఏర్పాట్లు అప్పటికే ఉన్నాయి. స్వీడన్‌లో 1964లో మొదలైన ఫోకస్ గృహాల పథకం ఒక ఉదాహరణ. దానికి నాయకత్వం వహించిన స్వెన్ ఓలోఫ్ బ్రాట్‌గార్డ్ వైద్యశాస్త్ర ఆచార్యుడు, స్వయంగా చక్రాల కుర్చీ వాడినవాడు. ప్రశ్న అడిగేవాడు ఎక్కడ కూర్చుని అడుగుతున్నాడన్నదాన్ని బట్టి జవాబు మారుతుందనడానికి ఇంతకన్న సూటి నిదర్శనం దొరకదు.

లె కోర్ట్ నివాసులు పరిశోధనలో పాల్గొనలేదని ఎవరూ అనలేరు. పరిశోధనను కోరినదే వారు. ఇంటర్వ్యూలు ఇచ్చారు, తమ గదులను, దినచర్యను తెరిచి చూపారు. అయినా పరిశోధన వారి చేతికి రాలేదు. పాల్గొనడం వేరు, ప్రశ్నపై అధికారం ఉండడం వేరు అన్న తేడా అక్కడ మొదటిసారి ఇంత స్పష్టంగా బయటపడింది.

3. యూపియాస్: నిర్వచనంపై హక్కు

‘ఎ లైఫ్ అపార్ట్’ వెలువడిన సంవత్సరమే, 1972 సెప్టెంబర్ 20న, ‘గార్డియన్’ దినపత్రికలో హంట్ రాసిన లేఖ అచ్చయింది. సంరక్షణాలయాలలో మగ్గుతున్నవారు తమ అభిప్రాయాలను తామే వినిపించడానికి ఒక సంఘం కావాలన్నది దాని సారాంశం. ఆ లేఖ నుండి యూపియాస్ పుట్టింది. దాని పూర్తి పేరును ‘వెలివేతకు వ్యతిరేకంగా శారీరక లోపం గలవారి సంఘం’ అని తెలుగు చేసుకోవచ్చు. వెలి అనే మాటకు మన సమాజంలో ఉన్న చరిత్ర ఈ అనువాదంలో ధ్వనించడం అసందర్భం కాదు. దక్షిణాఫ్రికాలో జాతివివక్షను వ్యతిరేకించి జైలుకు వెళ్లి, 1968లో బ్రిటన్ చేరిన విక్ ఫింకెల్‌స్టీన్ ఈ సంఘంలో ప్రముఖుడు. వేరుచేసి ఉంచడం అనేది శరీరధర్మం కాదని, పాలనావిధానమని అతనికి అనుభవం ద్వారా తెలుసు.

1975 నవంబర్ 22న యూపియాస్ ప్రతినిధులు, పేదరికంపై పరిశోధనలతో ప్రసిద్ధుడైన పీటర్ టౌన్‌సెండ్ పాల్గొన్న డిసెబిలిటీ అలయన్స్ ప్రతినిధులతో చర్చించారు. నిపుణులు వికలాంగుల పేరిట ప్రభుత్వంతో మాట్లాడడాన్నే యూపియాస్ ప్రశ్నించింది. 1976లో ప్రచురితమైన ఆ చర్చాపత్రంలో లోపం, వైకల్యం అనే రెండింటిని విడదీశారు. అవయవం లేకపోవడం లేదా సరిగా పనిచేయకపోవడం లోపం. లోపం ఉన్నవారిని లెక్కలోకి తీసుకోని సమాజ వ్యవస్థ వారిపై విధించే అవరోధం వైకల్యం. మైక్ ఆలివర్ 1983లో సామాజిక నమూనా అని పేరుపెట్టి వ్యాప్తిలోకి తెచ్చిన సిద్ధాంతానికి మూలం ఇదే.

ఈ విభజన తెలుగులో చెప్పేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. వికలాంగుడు అనే సమాసం అంగంలోనే వైకల్యాన్ని నిలుపుతుంది, సమాజానికి అందులో చోటు లేదు. ప్రభుత్వ వ్యవహారంలోకి వచ్చిన దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అనే మాటలు గౌరవాన్ని ఉద్దేశించినవే. కాని అవి కూడా వ్యక్తిలోని గుణాన్నే చెబుతాయి. మొదటిది దైవత్వాన్ని, రెండవది ప్రతిభను. మెట్ల ముందు ఆగిపోయిన చక్రాల కుర్చీని గురించి ఈ మూడు మాటలూ మౌనంగానే ఉంటాయి. ఈ వ్యాసంలో వికలాంగులు అనే మాటను వాడుక దృష్ట్యా ఉంచినా, యూపియాస్ అర్థంలో చూస్తే ‘వైకల్యానికి గురిచేయబడినవారు’ అన్నది దగ్గరి మాట. తెలుగులో ఈ రంగంలో సిద్ధాంతవ్యాసాలు పెరిగేకొద్దీ పరిభాషపై స్పష్టత తప్పనిసరి అవుతుంది. సర్వే పత్రంలో ఏ మాట వాడతామో దానిని బట్టే సమాధానం వస్తుంది కనుక ఇది నిఘంటువు సమస్య మాత్రమే కాదు.

4. విన్నిపెగ్, జెనీవా

అంతర్జాతీయ వేదికపైనా ఇదే వివాదం నడిచింది. రీహాబిలిటేషన్ ఇంటర్నేషనల్ ప్రధానంగా వైద్యులు, పునరావాస నిపుణుల సంస్థ. 1980లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన దాని మహాసభలో, ప్రతినిధులలో సగంమంది వికలాంగులు ఉండాలన్న ప్రతిపాదన వీగిపోయింది. ఆ సభకు వచ్చిన వికలాంగులు అక్కడే వేరుగా సమావేశమై సొంత సంస్థకు పునాది వేశారు. 1981లో సింగపూర్‌లో తొలి మహాసభ జరుపుకొన్న డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ అదే.

1980లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వైకల్య వర్గీకరణ ఒకటి వెలువరించింది. అది సామాజిక ప్రతికూలతను గుర్తించినప్పటికీ దాని మూలాన్ని వ్యక్తి శరీరంలోని లోపంలోనే చూసిందని వికలాంగుల సంస్థలు ఆక్షేపించాయి. సవరణ ప్రక్రియలో ఆ సంస్థలు పాల్గొన్నాయి. 2001 మే నెలలో ఆమోదం పొందిన కొత్త వర్గీకరణలో పరిసరాల కారకాలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. నేడు పునరావాస పరిశోధకులు నిత్యం వాడే కొలమానాల వెనుక ఈ చరిత్ర ఉన్నది.

5. ఆలివర్ ప్రతిపాదన, దాని పరిమితి

1992లో ఆలివర్ రాసిన వ్యాసం పరిశోధనోత్పత్తిలోని సామాజిక సంబంధాలను మార్చాలని ప్రతిపాదించింది. వికలాంగులు తమ వంతు సమాచారాన్ని ఇచ్చి తప్పుకునే పద్ధతికి బదులు, పరిశోధకుడే తన నైపుణ్యాన్ని వారి అధీనంలో ఉంచాలన్నది దాని ఆశయం. దీనికి విముక్తి పరిశోధన అని పేరు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వం జరిపిన జాతీయ వైకల్య సర్వే ప్రశ్నలను ఆలివర్ తిరగరాసి చూపిన తీరు ప్రసిద్ధం. వస్తువులను పట్టుకోవడంలో మీకున్న ఇబ్బంది ఏమిటన్న ధోరణిలోని ప్రశ్నను, ఆ వస్తువుల తయారీలో ఉన్న లోపమేమిటన్న ధోరణికి మార్చాడు. ఈ వాదాన్ని కొనసాగిస్తూ 1999లో అతడు రాసిన వ్యాసం శీర్షికలో హంట్ వాడిన పరాన్నభుక్కుల మాట తిరిగి వచ్చింది. ఈసారి అనుమానం వికలాంగ పరిశోధకుడైన ఆలివర్‌ను కూడా వదిలిపెట్టలేదు.

ఈ సిద్ధాంతాన్ని ప్రయోగశాలకు, శస్త్రచికిత్స గదికి యథాతథంగా వర్తింపజేయడం కష్టం. వెన్నుపాములో నాడీకణాలు మళ్లీ ఎదగడం అనేది ఓటింగుతో తేలే విషయం కాదు. అయితే ఏ నాడులను ముందుగా బాగుచేయడానికి ప్రయత్నించాలన్నది పూర్తిగా శాస్త్ర నిర్ణయమూ కాదు. అమెరికాలో కిమ్ ఆండర్సన్ 2004లో ప్రచురించిన సర్వే ఇందుకు చక్కని ఆధారం. వెన్నుపాము గాయంతో జీవిస్తున్న ఈ పరిశోధకురాలు, అదే గాయం గల 681 మందిని ఏ శక్తి తిరిగివస్తే జీవితం ఎక్కువగా మెరుగుపడుతుందని అడిగింది. కాళ్లూ చేతులూ చచ్చుబడినవారిలో దాదాపు సగంమంది చేతుల పనితనాన్ని మొదట కోరారు. కాళ్లు మాత్రమే చచ్చుబడినవారిలో ఎక్కువమంది మొదటి ఎంపిక లైంగిక శక్తి. లోకం అందరికన్నా ముందు ఊహించేది నడక. అది ఏ వర్గంలోనూ మొదటి స్థానానికి రాలేదు. ఈ జవాబు అడిగేదాకా ఎవరికీ తెలియనంత రహస్యం కాదు. దానిని పరిశోధనా ప్రాధాన్యంగా మార్చగలిగిన స్థానంలో ఆ ప్రశ్న అడిగేవారు కరువయ్యారు.

6. రాయవెల్లూరు: చేతులు, భిక్ష

ఇది పాశ్చాత్య దేశాల వివాదం మాత్రమే అనుకోకుండా ఉండడానికి, చిత్తూరు జిల్లావారికి రాయవెల్లూరుగా పరిచయమైన ఊరిని గుర్తుచేసుకోవాలి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1940ల చివర కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతులకు స్నాయువుల మార్పిడి శస్త్రచికిత్సలు ప్రారంభించాడు. వైద్యపరంగా అవి విజయవంతమయ్యాయి, వేళ్లు తెరుచుకున్నాయి. కాని బాగుపడిన చేతులతో వెళ్లిన కొందరు తిరిగివచ్చి, ఈ చేతులు భిక్షాటనకు పనికిరావని ఫిర్యాదు చేశారు. వంకర చేతికి పడే కాసు సరైన చేతికి పడదు. కుష్ఠురోగి అన్న ముద్ర పోలేదు కనుక పని ఇచ్చేవారూ లేరు. శస్త్రచికిత్సకు సంబంధించిన ఏ కొలమానంలోనూ కనిపించని వైఫల్యం ఇది. దాని ఫలితంగానే రోగులు పనులు నేర్చుకొనే నవజీవ నిలయం ఏర్పడింది.

పరిశోధన చరిత్రలో ఆ నిలయానికి మరో ప్రాముఖ్యం ఉన్నది. కుష్ఠువ్యాధి శరీరాన్ని నేరుగా తినివేస్తుందన్న నమ్మకం అప్పటికి బలంగా ఉండేది. స్పర్శ కోల్పోయిన చేతులకు తెలియకుండా తగిలే గాయాలే వేళ్లు పోవడానికి ప్రధాన కారణమని బ్రాండ్ అనుమానించాడు. దానిని నిర్ధారించడానికి అక్కడి యువకులు ప్రతిరోజూ చేతులు పరీక్షించుకొని, ప్రతి పుండుకూ కారణం వెతికారు. కాలిన పాత్ర, పట్టు బిగించిన పనిముట్టు, తలుపు గొళ్లెం వంటివి బయటపడ్డాయి. కొన్నిసార్లు రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలి భాగం తెల్లవారేసరికి లేకపోవడం మాత్రం అంతుపట్టలేదు. రాత్రి కాపలా కాసి చూస్తే, నొప్పి తెలియని వేళ్లను ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. ఆ నిలయంలో పిల్లులను పెంచడం మొదలైంది.

ఆలివర్ కొలమానంతో చూస్తే ఇది విముక్తి పరిశోధన కాదు. పరికల్పన వైద్యునిది, గ్రంథకర్తృత్వమూ వైద్యునిదే, ఆ యువకుల పేర్లు వైద్యశాస్త్ర వ్యాసాలలో కనిపించవు. అయినా లె కోర్ట్‌తో పోల్చినప్పుడు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. భిక్షకు పనికిరాని చేతుల గురించిన ఫిర్యాదును వైద్యుడు కృతఘ్నతగా తీసుకోలేదు. తన ప్రశ్న అసంపూర్ణమన్న సమాచారంగా స్వీకరించాడు. సిద్ధాంతం లేకుండానే, ఒక వ్యక్తి వినయం మీద ఆధారపడి జరిగిన పని అది. అటువంటి వినయం లేని చోట రోగి మాటకు రక్షణ ఏమిటన్న ప్రశ్నకు వెల్లూరు ఉదాహరణ జవాబు చెప్పదు.

7. 2016 చట్టం

ఆ రక్షణను చట్టరూపంలో కల్పించే ప్రయత్నం భారతదేశంలో జరిగింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. అందులోని ఆరవ సెక్షన్ క్రూరమైన, అమానవీయమైన ప్రవర్తన నుండి రక్షణకు సంబంధించినది. పరిశోధనకు సంబంధించిన నిబంధన సంక్షేమం అధ్యాయంలో కాక ఈ సెక్షన్‌లో చోటుచేసుకోవడం గమనార్హం. ఏ వికలాంగ వ్యక్తినైనా పరిశోధనకు లోబరచాలంటే రెండు షరతులు నెరవేరాలి. ఆ వ్యక్తికి అందుబాటులో ఉండే సంభాషణ పద్ధతిలో స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి ఒకటి. సంబంధిత ప్రభుత్వం నియమించే వైకల్య పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి రెండవది. ఆ కమిటీ సభ్యులలో కనీసం సగంమంది వికలాంగులు గానీ, నమోదైన సంస్థల సభ్యులు గానీ అయి ఉండాలి.

విన్నిపెగ్‌లో వీగిపోయిన సగం అనే సంఖ్య మూడున్నర దశాబ్దాల తరువాత భారతీయ చట్టంలోకి ప్రవేశించింది. ఫిజియోథెరపీ కళాశాలలోనో, సామాజిక శాస్త్ర విభాగంలోనో, తెలుగు శాఖలోనో వికలాంగులపై క్షేత్రపరిశోధన తలపెట్టే ప్రతి పరిశోధకునికీ ఈ సెక్షన్ వర్తిస్తుందని గమనించాలి. సమ్మతిపత్రాన్ని ఇంగ్లీషులో ముద్రించి, సంతకం పెట్టవలసిన చోట గుర్తుపెట్టి ఇవ్వడం అందుబాటులో ఉన్న పద్ధతి అనిపించుకోదు. చూపులేనివారికి బ్రెయిలీ లేదా చదివి వినిపించడం, వినికిడి లేనివారికి సంజ్ఞాభాష, మేధోపరమైన వైకల్యం గలవారికి చిన్న వాక్యాల తేలిక తెలుగు అవసరం. ఈ చివరిది సిద్ధం చేయడం భాషాశాఖలు చేయగల పని. ఆ దిశగా తెలుగులో కృషి ఇంకా చాలా జరగవలసి ఉన్నది.

చట్టంలోని ‘లేదా’ అన్న మాట దగ్గర మాత్రం ఆగవలసి వస్తుంది. నమోదైన సంస్థ అంటే ఏమిటో రెండవ సెక్షన్ నిర్వచిస్తుంది. వికలాంగుల సొంత సంఘాలు అందులో ఉన్నాయి. తల్లిదండ్రుల సంఘాలు ఉన్నాయి. మేధోవైకల్యం గల పిల్లల విషయంలో వారి ప్రమేయం అవసరం కూడా. వాటితోపాటు వికలాంగుల సంక్షేమానికి పనిచేసే స్వచ్ఛంద, ధార్మిక సంస్థలు, ట్రస్టులు, సొసైటీలు, లాభాపేక్ష లేని కంపెనీలు అన్నీ అదే నిర్వచనంలోకి వస్తాయి. అంటే కమిటీలోని ఆ సగం స్థానాలను ఒక్క వికలాంగ వ్యక్తి కూడా లేకుండా, సేవాసంస్థల ప్రతినిధులతో నింపినా చట్టం అక్షరాన్ని ఉల్లంఘించినట్లు కాదు. సేవచేసేవారి మాట, సేవపొందేవారి మాట ఒకటే అన్న పాత ఊహ ఈ నిర్వచనంలో మిగిలిపోయింది. 1960లలో లె కోర్ట్‌లో ఘర్షణ జరిగినది సరిగ్గా ఆ రెండు పక్షాల మధ్యే. ఈ నిర్వచనాన్ని అక్కడికి వర్తింపజేస్తే, పరిశోధనను కోరిన పాల్ హంట్‌కు కమిటీలో కూర్చునే అర్హత వస్తుంది. పడకవేళను నిర్ణయించిన నిర్వాహక సంఘానికీ అదే అర్హత, అదే సగంలో వస్తుంది.